గుమ్మానికి వేపమండ

మొన్న దవాఖానలో నన్ను చూసిన డాక్టరమ్మ "స్ట్రెస్" అన్నది. అంటే ఏందమ్మా అని అడిగితే, "ఒత్తిడి, ఆందోళన అంటరవ్వా" అన్నది. మా పాలమూరు దిక్కు దాన్ని రంది అంటారు, బుగులు అంటారు, ముదిరితే మనాది అంటారు.

నాకు ఏడేళ్లప్పుడు బాపు బొంబాయికి కూలికి పోయి తిరిగి రాలేదు. అమ్మ మంచం పట్టింది. చూడవచ్చిన మేనత్త, "నీ తల్లిది మనాది రోగమే, ఊకె పోదు" అని చెప్పి వెళ్లిపోయింది. రోగమంటే నాకు తెలిసింది అమ్మవారు పోయడమే. అలాంటి ఇళ్లకు కట్టినట్టే మా గుమ్మానికీ వేపమండ కట్టాను.

పక్కింటి కాశింబీ రోజూ గట్క తెచ్చి, "తినకుంటే నీ మొగడొచ్చి నన్ను తిడతడు, లే" అని అమ్మను నవ్వించేది. ఆ రోజు మండను చూసి, అమ్మవారు పోసిందనుకుని, చంకలో పసిపిల్లతో వాకిట్లోనుంచే మళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"కాశింబీ వస్తలేదేందే? నేనేమన్న అన్ననా?" అని అమ్మ అడిగేది.

"నాకేం ఎరుక" అనేదాన్ని. కొన్నాళ్లకు అమ్మ అడగడమూ మానేసింది.

నా మొగుడు పోయాక, ఎవరూ రాని వాకిలిని చూస్తూ కూర్చున్నప్పుడు తెలిసింది, అమ్మకు నేను చేసిందేమిటో.