మా అక్క పేరు మీద ఖాతా

మొన్న అల్వాల్‌లో మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఒక ప్రశ్న పట్టుకుని వచ్చింది. వాళ్ళది కోస్తా. భర్తది ఉద్యోగం. తాను ఇంట్లో చేసే పొడులు, పచ్చళ్ళు ఇకమీదట వ్యాపారంగా నడపాలనుకుంటోంది. "ఆంటీ, వ్యాపారానికి కరెంట్ అకౌంట్ ఏ బ్యాంకులో తెరిస్తే మంచిదండీ? మీరు ఆఫీసులో పనిచేసినవారు కదా!" అని అడిగింది. ముప్పై ఏళ్ళు ఒక బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన మాట నిజమే. కానీ ఈ ఒక్క విషయంలో నా సలహా విన్నవాళ్ళు బాగుపడరు. ఆ సంగతి నాకు మా అక్క దగ్గర తెలిసింది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి కొంత చెప్పాను. చెబుతుంటే నాకే ఇంకా ఇంకా గుర్తుకొచ్చింది.

మా అక్కది మేడ్చల్ దగ్గర గౌడవెల్లి. చదివింది ఏడో తరగతి. రోడ్డు పక్కన వాళ్ళకున్న అరెకరంలో ఇరవై ఏళ్ళకు పైగా మొక్కల నర్సరీ నడుపుతోంది. గులాబీకి అంటు కట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకుంది. అమ్మ నాకూ నేర్పబోయింది గానీ, నేను కట్టిన అంటు ఒక్కటీ బతకలేదు, దాంతో నన్ను చదువులోకి తోశారు. ఇప్పటికీ అక్క దగ్గరికి వెళితే ముందు తడిసిన ఎర్రమట్టి వాసన, ఆ వెనకే కరివేపాకు వాసన వస్తాయి. అక్క వేళ్ళ సందుల్లో మట్టి పండగరోజున కూడా పూర్తిగా పోదు. మా బావకు ట్రాలీ ఆటో ఉంది. మొక్కలు చేరవేసేది ఆయనే కాబట్టి డబ్బు తీసుకునేదీ ఆయనే, అది పడేదీ ఆయన ఖాతాలోనే. ఇందులో వింతేమీ ఉన్నట్టు మాలో ఎవరికీ తోచలేదు. చదువుకున్నదాన్ని, నాకూ తోచలేదు.

అలా ఉండగా, కొన్నేళ్ళ కిందట, లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్త లేఅవుట్ వేస్తున్న కంపెనీ సూపర్‌వైజర్ ఒకాయన నర్సరీకి వచ్చాడు. రోడ్లకు రెండు వైపులా నాటడానికి వేప, కానుగ, పొగడ మొక్కలు కావాలన్నాడు. అక్క అంత పెద్ద బేరం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అయితే ఒక మెలిక పెట్టాడు. "కంపెనీ పైసలు మనుషుల ఖాతాల ఎయ్యరమ్మా. నర్సరీ పేరు మీద ఖాతా ఉండాలె. రెండు వారాలల్ల చూపియ్యి, లేకుంటే షామీర్‌పేట దిక్కు వేరేటోళ్ళను చూసుకుంటం" అని చెప్పి వెళ్ళాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అన్నం తింటూ బావ, "రేపు మేడ్చల్ పోయి నర్సరీకి ఖాతా తీస్త. ఓనరని నా పేరే రాయిస్త" అన్నాడు. అక్క పచ్చిపులుసు వడ్డిస్తూనే, "ఓనరని నా పేరు రాయిద్దాం" అంది.

"నా పేరు మీదుంటే నీది గాదా?"

"ఆటో నీ పేరు మీదనే ఉన్నది గద. నాది గాదా అని నేనెన్నడన్న అడిగిన్నా? గిది నేను పెంచింది. నా పేరు మీద ఉండనీ."

బావ చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మూడు రోజులు ఆ ఇంట్లో మాటలు ఉప్పు, నీళ్ళు, తాళంచెవి వరకే నడిచాయి. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నా అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నాకు ఫోన్ చేసి, "చెల్లె, నువ్వు తోడు రా. బ్యాంకులు చూసొద్దాం" అంది. పెళ్ళి సంబంధాలు చూసొద్దాం అన్నట్టే అంది.

నేను ఆమెను మొదట మేడ్చల్ హైవే మీద కొత్తగా పెట్టిన ప్రైవేటు బ్యాంకుకు తీసుకెళ్ళాను. అద్దాల తలుపులు, చల్లటి ఏసీ. కూర్చోగానే కాఫీ ఇచ్చారు. నేను ఆ కాఫీతోనే పడిపోయాను. టై కట్టుకున్న అబ్బాయి ఖాతా గురించి చెప్పినంతసేపూ నా వైపే తిరిగి చెప్పాడు. అక్క అంతా విని, "ఎండకాలం మూడు నెలలు మొక్కలు ఎవ్వరు కొనరు సారూ. అప్పుడు ఖాతాల పైసలు తక్కువైతే ఏం జేస్తరు?" అని అడిగింది.

"చార్జీలు పడతయ్ మేడమ్."

"అంటే నీళ్ళు లేక ఎండుతున్న చెట్టుకే కొమ్మ నరుకుతరన్నట్టు" అంది అక్క, కోపంగా కాదు, తెలుసుకున్నట్టుగా. బయటికి వచ్చాక, "మంచి బ్యాంకే అక్కా, పెద్దవాళ్ళంతా ఇందులోనే పెడతారు" అన్నాను. "పెద్దోళ్ళకు మంచిదే" అంది.

రెండోది ప్రభుత్వ బ్యాంకు. అక్కడ కాఫీ సంగతి దేవుడెరుగు, కూర్చోవడానికి కుర్చీ దొరకడానికే అరగంట పట్టింది. ఆ తర్వాత కంప్యూటర్లు ఆగిపోయాయి. నేను విసుక్కుంటుంటే అక్క మాత్రం కౌంటర్ల వైపు చూస్తూ, ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో గమనిస్తూ కూర్చుంది. చివరికి నడివయసు ఆఫీసరమ్మ పిలిచింది. అక్క అదే ప్రశ్న ఆమెనూ అడిగింది. "ఈడ గూడ కొంత ఉంచాలెనమ్మా, ఉంచకుంటే కట్ అయితది. గని మా దగ్గర తక్కువ. అదిగో, ఆ కాయితం మీద రాసుంది, సదువుకో" అందామె. అక్క వేలు పెట్టి ప్రతి వరుసా చదివింది. నోట్లు తెచ్చి కడితే నెలకు ఎన్నిసార్లు ఊరికే తీసుకుంటారు, చెక్కుబుక్కుకు ఎంత, ఫోన్‌తో డబ్బులు కట్టే ఆ గళ్ళ బొమ్మ నర్సరీ పేరుతోనే ఇస్తారా అని ఒక్కొక్కటే అడిగింది. ఆఖరున నా వైపు తిరిగి, "గౌడవెల్లి నుంచి షేర్ ఆటో ఈ గేటు ముందే ఆపుతడు. నేనొక్కదాన్నే పోయి రావచ్చు" అంది. ఏళ్ళ తరబడి ఫైళ్ళు తిప్పిన నాకు ఆ చివరి సంగతి తట్టనే లేదు.

కాగితాల జాబితా ఇచ్చారు. ఆధారు, పాను ఉన్నాయి. చిన్న వ్యాపారంగా నమోదు కాగితం నేను కంప్యూటర్‌లో తీసిచ్చాను, నా చదువు అక్కరకొచ్చింది అక్కడే. వ్యాపార లైసెన్సు కోసం ఆఫీసు చుట్టూ అక్క నాలుగుసార్లు తిరిగింది. అన్నీ అయ్యాక ఆఫీసరమ్మ, "నేను వచ్చి జాగ చూడాలె. నర్సరీ పేరుతోని బోర్డు ఉండాలె" అంది. కాగితాల కోసం అక్క మా అమ్మ పేరు పెట్టింది గానీ, ఇరవై ఏళ్ళలో ఆ నర్సరీకి బోర్డే లేదు. గడువు ఇంకా రెండు రోజులే ఉంది. బోర్డు రాసే ఆయన వారం పడుతుందన్నాడు. అక్క మొదటిసారి ఆ రోజే నీరసపడి మొక్కల మధ్య కూలబడింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి బావ వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రేకు, పక్కన ఆకుపచ్చ రంగు డబ్బా. ఆటో నడిపే చేత్తో కుంచె పట్టుకుని ఒక్కో అక్షరం దిద్దుతున్నాడు. అక్క కోరినట్టు నర్సరీకి మా అమ్మ పేరే రాశాడు. దాని కింద, ఎవరూ చెప్పకుండానే, "యజమాని" అని రాసి అక్క పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. అక్షరాలు కుడి పక్కకు వచ్చేసరికి ఇరుకైపోయాయి. అక్క వంగి ఒక్కో అక్షరం చదివింది. బావే, "ఏంది గట్ల జూస్తున్నవ్, తప్పు రాసిన్నా?" అన్నాడు. "తప్పు లేదయ్యా. మంచిగున్నది" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పూట ఇద్దరూ కలిసి కూర్చుని తిన్నారు.

ఆఫీసరమ్మ వచ్చింది, చూసింది, పోతూ పోతూ డబ్బిచ్చి రెండు మల్లె మొక్కలు కూడా కొనుక్కుంది. మర్నాడు బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు నేను చెవిలో, "ఇంగ్లీషులో పొట్టిగా పెట్టు, దర్జాగా ఉంటుంది" అన్నాను. అక్క వినలేదు. నిదానంగా, తెలుగులో, మట్టి ఇంకిన వేళ్ళతో తన పేరు మొత్తం రాసింది. ఆఫీసరమ్మ ఆ కాగితాన్ని పైకెత్తి చూసి, "గింత మంచి సంతకం ఈ మధ్యల చూడలె" అంది. ఉద్యోగం వచ్చినరోజు నా గురించి నాకు కలిగిన గర్వం కూడా ఆ మాటకు సరితూగదు.

ఆర్డరు అక్కకే వచ్చింది. మొక్కలు మోసింది బావ ఆటోనే. అక్క కిరాయికి చెక్కు రాసి చేతికిస్తే, "నాకేందే చెక్కు!" అని నవ్వుతూనే జేబులో పెట్టుకున్నాడట. ఆ తర్వాత పక్క ఊళ్ళో కోళ్ళఫారం పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఏ బ్యాంకు, ఎలాంటి ఖాతా అని అక్కనే అడిగారు, నన్ను కాదు. అలా అడగడమే సబబు.

ఖాతా తెరిచేనాటికి అక్కకు యాభై రెండేళ్ళు. అంతకుముందు ఆమె చేసిన ఇరవై ఏళ్ళ పని ఏ కాగితం మీదా ఆమెదిగా లేకుండానే గడిచిపోయింది, ఆ ఏళ్ళను ఎవరం తిరిగి తెచ్చివ్వలేం. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి ఏడూ ఆమె పేరు మీదే వచ్చింది.