నీళ్ళోసుకోగూడదు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆఫీసులే డేరాల్లో నడిచేవి. ఇక గుమాస్తాలకు ఇళ్ళెక్కడివి? మా ఆయన తోటి గుమాస్తాలతో కలిసి ఒక కొట్టుగదిలో సర్దుకుని, నన్ను రాయచోటిలో అత్తగారింట్లోనే ఉంచారు. పెళ్ళయ్యి కూడా ఉత్తరాలతో కాపురం చేయాలంటే నాకు ఒళ్ళు మండేది. చివరికి ఒక బట్టల వ్యాపారి ఇంట్లో వెనక వాటా దొరికింది.

ఆ వాటా చూడగానే నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానం వచ్చింది. వంటింటి పక్కన, నాలుగు గోడల మధ్య, మాకే సొంతంగా బట్టలుతికే బండ! నీళ్ళు పోవడానికి గోడలో తూము. వీధిలో ఆడవాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని తుంగభద్రకు పోతుంటే, అద్దెకిచ్చే వాటాలో ఇంత వైభోగం ఊరికే ఎవరిస్తారు?

"నీకు బండ లేకపోతే ఏడుపు, ఉంటే అనుమానం," అన్నారు మా ఆయన.

"వాళ్ళు షరతేమీ పెట్టలేదా?"

"పెట్టారు. ఇంటాయన తల్లి చెప్పింది, నీ పెండ్లాం నీళ్ళోసుకోగూడదని. నీళ్ళకు కరువు కదా, పొదుపుగా వాడుకుంటాంలే అవ్వా అని మాటిచ్చి వచ్చాను."

నేను తల పట్టుకున్నాను. నీళ్ళోసుకోవడమంటే కడుపు రావడమని ఆ మహానుభావుడికి తెలియదు. చంటిబిడ్డ ఉంటే రోజంతా గుడ్డలుతకాలి, అన్ని నీళ్ళు వాళ్ళ బావికి లేవు. ముసలావిడ భయం అదీ.

ఆ బండ గుట్టు కూడా తొందరగానే తెలిసింది. మా తూములోంచి పోయే నీళ్ళు ఇంటివాళ్ళ పెరట్లో సన్నటి కాలువగా పారి అరటిచెట్లకు పోతాయి. ఆ కాలువ చివర అవ్వ మంచం. మేమెన్ని నీళ్ళు వాడామో, ఏం ఉతికామో అవ్వకు ఆ కాలువే చెప్పేది. "ఏమ్మే, ఈ పొద్దు దుప్పట్లు నానేసినావా? శానా నీళ్ళు పోతాండాయి!" అని గోడ అవతలినుంచి కేకేసేది. నేను నెలనెలా బయట చేరి, నాలుగోనాడు గుడ్డలుతుక్కుంటే మాత్రం ఏమీ అనేది కాదు. నీళ్ళ రంగు చూసి నిశ్చింతగా పడుకునేది.

చలి తగ్గే రోజుల్లో ఒక నెల నేను బయట చేరలేదు. ఎంత సంతోషమో అంత గుబులు. ఇల్లు పోతే ఆయన మళ్ళీ కొట్టుగదికి, నేను మళ్ళీ రాయచోటికి. ఆలోచించి ఆలోచించి, ఏమీ కాకపోయినా మూలన చాప వేసుకుని కూర్చున్నాను. ఆయన మాడ్చిన అన్నం తిన్నాను. నాలుగోనాడు తలంటుకుని, మచ్చలేని గుడ్డను అవ్వకు వినబడేలా బండకేసి బాదాను.

అప్పుడే తూములోంచి ఒక చెయ్యి కనబడింది. ఇంటావిడ, అంటే అవ్వ కోడలు, గోడ అవతల వంగి కూర్చుని, గుప్పిట్లోంచి ఏదో నీళ్ళలో వదిలి వేలితో కలుపుతోంది. నాతో ఎన్నడూ రెండు మాటలు మాట్లాడని మనిషి ఆమె. నా సంగతి పసిగట్టి, నా గుడ్డలుతికిన నీళ్ళలో మందు కలిపి ఏదైనా చేతబడి చేస్తోందా? ఆ రోజునుంచి ఆమె ఇచ్చిన కరివేపాకు కూడా కూరలో వేయలేదు. తలుపు గడియ రెండుసార్లు చూసుకునేదాన్ని.

మరుసటి నెలా అదే నాటకం ఆడాను. మళ్ళీ అదే చెయ్యి. ఇక నావల్ల కాలేదు. తడిచీరతోనే పెరటి తలుపు తీసుకుని పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏం కలుపుతాండావక్కా? నా కడుపులో బిడ్డకేమన్నా అయితే ఊరుకోను!"

కోపంలో నా గుట్టు నేనే విప్పేశాను. ఆమె అవ్వ మంచం వైపు ఒకసారి చూసి గుప్పిట తెరిచింది. అరుగులకు పూసే ఎర్రమన్ను.

"గమ్మునుండు, మా అత్త ఇంటాది," అంది గుసగుసగా. "నువ్వు ఉత్త గుడ్డ ఉతుకుతాండావు. నీళ్ళు తేటగా పోతాంటే ఆమెకు తెలీదా? పోయిన నెలే మిమ్మల్ని ఎల్లగొట్టేది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా బండ దగ్గరికి వచ్చి, చెంబుడు నీళ్ళతో ఎర్రటి వేళ్ళు కడుక్కుంది.

"వానలు పడనీ," అంది. "బావి నిండినాక, నువ్వు నీళ్ళోసుకున్నావని మా అత్తకు నేనే చెప్తా."