గంపకు చోటులేని రెండు రైళ్లు

ఎస్తేరమ్మ చేపలమ్ముతుంది. వాకాడు తీరంలో పీతలు, రొయ్యలు కొని, డీజిల్ రైలు చివరి బోగీలో గంప దించి, సూళ్లూరుపేటలో అమ్ముకొని వస్తుంది. ఆ బోగీలో బల్లలుండవు. సరుకు మోసేవారికి వదిలిన ఖాళీ జాగా అది. భర్త పోయాక కూతురు షారన్‌ను నర్సింగు చదివించింది నిజానికి ఆ జాగాయే.

ఆ లైనుకు కరెంటు తీగలు లేవు. తీగలు వేస్తే గిట్టుబాటు కాదన్నారు. కనుక పొగ మాన్పడానికి హైడ్రోజన్ రైలా, బ్యాటరీ రైలా అన్నది తేల్చమని ఒక కమిటీ వేశారు. పొగ పోవాలన్న దానిపై ఎస్తేరమ్మకు అభ్యంతరం లేదు. దాన్ని పీల్చింది ఆమే.

ఆ కమిటీలో హైడ్రోజన్ పక్షాన సంజీవరావు గారు: ఆవిరి తప్ప ఏమీ వదలదు, ఒక్కసారి నింపితే చాలా దూరం పోతుంది. బ్యాటరీ పక్షాన హరినాథ్ గారు: హైడ్రోజన్ తయారీలోనే కరెంటు బోలెడు వృథా, ఇంత చిన్న లైనుకు చార్జింగు చాలు. ఇద్దరూ ఇంజినీర్లే, ఇద్దరివీ నిజాలే. జీడిపప్పు పళ్లేల సాక్షిగా ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఊరూ చీలింది. గ్యాసు పొయ్యి మీద నమ్మకంతో, తనూ చేపలమ్మే ఆదిశేషమ్మ హైడ్రోజన్ వైపు వెళ్లింది. సెల్‌ఫోను మీద నమ్మకంతో ఎస్తేరమ్మ బ్యాటరీ వైపు నిలిచింది. పక్కపక్కనే గంపలు పెట్టుకునే ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

ప్రజాభిప్రాయ సభలో గోడకు రెండు రైళ్ల బొమ్మలు తగిలించారు. ఎస్తేరమ్మ లేచి చివరి బోగీ ఎక్కడని అడిగింది. అక్కడ సిలిండర్లు వస్తాయని సంజీవరావు గారన్నారు. తమ రైల్లో సిలిండర్ల బెడద లేదని, అక్కడ బ్యాటరీలు వస్తాయని హరినాథ్ గారన్నారు. మరి గంప? వాసన వల్ల ప్రయాణికులకు ఇబ్బంది అని ఇద్దరూ కలిసి చెప్పారు. కమిటీ చరిత్రలో అదే తొలి ఏకాభిప్రాయం.

"నేను ప్రయాణికురాల్ని కాదా సార్?" అంది ఎస్తేరమ్మ.

ఆ ప్రశ్న రికార్డుకెక్కలేదు. స్థానికులు హర్షం వ్యక్తం చేశారన్న వాక్యం మాత్రం ఎక్కింది.

చివరికి బ్యాటరీ గెలిచింది. ప్రారంభం నాడు ఎస్తేరమ్మ తనకూ గంపకూ టికెట్లు తీసుకొని వచ్చింది. గంపను గుమ్మంలో దించి పక్కన కూర్చుంది. ఆ రైలుకు తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. మూసుకోకపోతే బండి కదలదు.

"గంప తియ్యమ్మా," అన్నారు హరినాథ్ గారు.

"తీస్తా సార్. యాడ పెట్టాలో సెప్పండి."

వచ్చే సమావేశంలో పరిశీలిస్తామన్నారాయన. అంతలో ఆదిశేషమ్మ వచ్చి రెండో గుమ్మంలో తన గంప దించింది.

"నువ్వు గ్యాసు పార్టీ కదే?" అంది ఎస్తేరమ్మ.

"పార్టీ సంగతి మాపటికి సూసుకుందాం. ముందు నువ్వు గట్టిగా కూసో."

ఎండ ముదిరింది. పీతలు ముఖ్య అతిథి బూట్ల వైపు పాకాయి. ఆఖరికి మెకానిక్‌ను పిలిచి, చివరి రెండు వరుసల సీట్లు విప్పించి ప్లాట్‌ఫారం మీద పెట్టించారు. గంపలు లోపలికి వెళ్లాయి, తలుపులు మూసుకున్నాయి, రైలు సూళ్లూరుపేటకు కదిలింది.

విప్పిన సీట్లలో సంజీవరావు గారు, హరినాథ్ గారు పక్కపక్కనే కూర్చొని, గంపల బరువును లెక్కలో ఎవరు వదిలేశారని వాదించుకోసాగారు.