దింపుడు కళ్ళం

నందిగామ తాలూకాలో ఎక్కడ చావు కబురు విన్నా చలమయ్య కండువా నడుముకు బిగించి బయల్దేరేవాడు. కండువా మూడు పార్టీలు మారింది గానీ, పాడె ముందువైపు మాత్రం ఎప్పుడూ ఆయన భుజం మీదే. మోసి మోసి ఆ భుజం కాయ కాచింది. ఆ కాయే ఆయన్ని సమితి ప్రెసిడెంటును చేసింది.

అరవై నాలుగు సమితి ఎన్నికల్లో ఆయన మీద పోటీకి దిగబోయిన భావనారాయణను జగ్గయ్యపేట రోడ్డు మీద కర్రలతో కొట్టి చంపారు. ఎవరు పంపారో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. ఆ పాడెనూ చలమయ్యే మోశాడు. దారిలో పాడె దింపి, ప్రాణముంటే లేస్తాడేమోనని చెవిలో పేరు పిలవడానికి భావనారాయణ తమ్ముడు వంగబోయాడు.

"జరగవయ్యా, నేను పిలుస్తా."

మూడుసార్లు పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ ఆ మొహంలోకి నిదానంగా చూశాడు. ఇక పలకడని నమ్మకం కుదిరాక లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

"ఎత్తండయ్యా. స్నానం చేసి, మూడింటికల్లా నామినేషన్ వెయ్యాలి."