నేను చూసిన క్లైమాక్స్

మాది బూర్గంపాడు. గోదావరికి అవతల, భద్రాచలంలోని ఓ చిన్న ప్రైవేటు దవాఖానాలో నర్సును. మొన్న చలికాలంలో నైట్ డ్యూటీ దిగిన రోజే మా ఆయనతో మ్యాట్నీకి వెళ్లాను. హంతకుడెవరో మొదటి సీన్‌లోనే చెప్పేసే క్రైమ్ థ్రిల్లర్. పాటల్లేవు, ఫైట్లు లేవు.

మర్నాడు డ్యూటీలో నాది ఒకటే పొగడ్త.

"నడుమ జర సాగదీసిండు గానీ, క్లైమాక్స్ చూడాలె! గోదారి మీద మంచు. హంతకుడు పడవల ఒక్కడే ఉంటడు. వాని చేతుల చచ్చిపోయినామె వచ్చి ఎదురుగ కూసొని వాని దోసిట్ల ఇప్పపూలు పోస్తది. ఆ వాసన నాక్కూడ వచ్చింది."

నా మాట నమ్మి మా హెడ్ నర్సు సరోజక్క ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లింది. తిరిగొచ్చి పేషెంట్ల ముందే నిలదీసింది.

"పడవేదే? పూలేవే? ఆఖర్ల పోలీసులొచ్చి పట్టుకపోయిండ్రు, గంతే!"

నేను తగ్గలేదు. సాక్ష్యానికి మా ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"పడవ ఏంది? ఇంటర్వెల్ కాంగనే నిద్రపోయినవ్. నిద్రల నవ్వుతున్నవని లేపలే."

వార్డంతా ఘొల్లుమంది. సెలైన్ ఎక్కుతున్న తాత కూడా నవ్వాడు.

మనిషిని నిద్రపుచ్చడం ఆ సినిమా బలహీనతే, ఒప్పుకుంటాను. కానీ ఇప్పటికీ డ్యూటీ దిగి పొద్దున్నే వంతెన దాటుతూ, మంచులో ఆ పడవ కోసం చూస్తూనే ఉంటాను.