బీడీ మాదిరి రెండు దమ్ములు

ఎనిమిదో తరగతి మూడేళ్లు చదివాను కాబట్టి నాకు చదువు తక్కువని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఎక్కువైందనే బడి మాన్పించారు. ఆత్మకూరులో ఒక మందుల షాపులో పని నేర్చుకుని, 1983లో ఉదయగిరిలో ఒక డాక్టరుగారి ప్రైవేటు క్లినిక్కులో కాంపౌండరుగా చేరాను. చీటీ రాయడం ఆయన పని. మందు ఇచ్చి, వాడే తీరు చెప్పడం నా పని.

ఉబ్బసానికి అప్పటిదాకా మాత్రలూ సూదులే. నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలరు డబ్బా మా క్లినిక్కుకు కొత్త. మొదట రాసింది కొయ్య స్పూన్లు చెక్కే మస్తాన్ భాయ్‌కి. ఆయాసం వస్తే రెండు పఫ్‌లు, రోజుకు నాలుగుసార్లు దాటకూడదు అని చీటీలో ఉంది. పఫ్ అంటే ఏందని అడిగాడు. మా వైపు ఆయాసమూ దమ్మే, బీడీ పీలుపూ దమ్మే. అంత మంచి మాట దొరికితే నేను ఊరుకుంటానా?

“దమ్ము వస్తే రెండు దమ్ములు లాగు భాయ్, బీడీ మాదిరి,” అన్నాను.

వరండాలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వుల్లో నాలుగుసార్ల సంగతి చెప్పనే లేదు.

మూడో వారం భార్య ఆయన రెక్క పట్టుకుని నడిపించుకొచ్చింది. మాట ముక్కలుగా వస్తోంది. డబ్బా ఖాళీ. చేతులు వణుకుతున్నాయి.

“ఉలి నిలవడంలేదు సార్. నాలుగు దినాలుగా పనే లేదు,” అందామె.

డాక్టరుగారు సూది వేశారు. ఊపిరి కుదుటపడ్డాక కొత్త డబ్బా ఇచ్చి, వాడి చూపించమన్నారు. మస్తాన్ భాయ్ నొక్కి, బుగ్గల్లోకి లాగి, గుప్పున వదిలేశాడు. అచ్చం బీడీయే. మూడు వారాలుగా మందు ఊపిరితిత్తులకు చేరనే లేదు. గుణం కనపడక మళ్లీ మళ్లీ నొక్కాడు. నోట్లో పడి మింగిన మందుకు వణుకు మాత్రం వచ్చింది.

ఇట్లా ఎవరు చెప్పారని డాక్టరుగారు అడిగారు. నేనే చెప్పానని ఒప్పుకున్నాను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. డబ్బా బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా వదిలి, డబ్బా మూతి చుట్టూ పెదవులు బిగించి, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి లాగాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండో పఫ్‌కు నిమిషం ఆగాలి. చెప్పినదానికంటే ఎక్కువ అవసరమైతే ఇంకో డబ్బా కాదు, డాక్టరు కావాలి. రోగి ఇదంతా నా ఎదుట చేసి చూపించాకే పంపేవాణ్ణి. మనం చెప్పామా అన్నది కాదు, అవతలివాడు ఏం చేస్తున్నాడో చూడాలి. నేను నేర్చుకున్నది అంతే.

నెల తర్వాత ఆయన అంగడి ముందు ఆగాను. ఉలి నిలకడగా నడుస్తోంది.

“ఏంది భాయ్, మూడు వారాలు తప్పుగా పీల్చినావే!” అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

“తప్పుగా ఏడ పీల్చినాను అన్నా? నువ్వు చెప్పినట్టే పీల్చినాను. తప్పు అదే.”