మా అక్క మాకేమీ కాదని రాశాను

నాకు రష్యన్ వచ్చు. రంగూన్లో పుట్టి పెరిగిన తెలుగుదానికి ఈ దిక్కుమాలిన చదువెందుకని మా అమ్మ ముప్పై ఏళ్ళ కిందటే అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. రోజూ బస్సెక్కి మింగళాడోన్ మిలటరీ క్యాంపుకి వెళ్ళి, రష్యాలో ట్రైనింగుకి పోబోయే ఆఫీసర్లకి "నమస్కారం, మీ ఆరోగ్యం ఎలా ఉంది" అని నేర్పడానికి. సైన్యం గద్దెనెక్కాక నాకు గిరాకీ పెరిగింది. సంబడం!

ఆ రష్యన్ని ఒక్కసారి మంచి పనికి వాడించింది మా అక్కే.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇంటి కింది గదిలో దాని టైలర్ షాపు. కోపం ముక్కు మీదే ఉండేది. వీధిలో కొళాయి రాకపోతే పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకుని ఆఫీసు మీదకి పోయేది. అలా పోయి పోయి ఒక పార్టీ కంట్లో పడింది. టికెట్టిచ్చారు, గెలిచింది. రేవులో మూటలు మోసినవాడి మనవరాలు అసెంబ్లీలో కూర్చుందని మా వీధి వీధంతా మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్ళు? అది నోరు మూసుకుని కూర్చునే రకమా! మూడు తరాలుగా ఇక్కడే పుట్టినా మన మొహాలున్నవాళ్ళకి పౌరసత్వం కార్డులు ఎందుకు సరిగ్గా ఇవ్వరని సొంత పార్టీనే నిలదీసింది. కూర్చోమన్నారు. ఇంకోరోజు మళ్ళీ లేచింది. వెనకనుంచి ఎవరో "కలా" అన్నారట, ఇండియా మొహాలవాళ్ళని ఇక్కడ తిట్టే తిట్టు అది. తర్వాతి ఎన్నికలకి టికెట్టివ్వలేదు. "పోతే పోనీ, నా మిషనెక్కడికీ పోనేదు కదా" అని మళ్ళీ జాకెట్లు కుట్టడం మొదలెట్టింది.

ఆ రోజుల్లోనే ఎక్కడో విన్నదట, రష్యాలో ఏదో చిన్న ఊరి కౌన్సిల్లో ఒకావిడ ఉందని, అందరూ చెయ్యెత్తినప్పుడు ఆవిడ ఎత్తదని. "ఏటే ఆవిడ సంగతి? సదివి సెప్పవే" అని నా ప్రాణం తీసింది. వెతికి వెతికి ఆవిడ కథంతా బర్మా భాషలో రాసిపెట్టాను. బడిపంతులమ్మ. ఊళ్ళో ఆసుపత్రి ఎందుకు మూసేశారని అడుగుతూ నిలబడింది, గెలిచింది. పైనుంచి వచ్చిన ప్రతి కాగితానికీ ఒక్కతే అడ్డం తిరిగింది. ఉద్యోగం పీకేశారు. ఇల్లు సోదా చేశారు. దేశం వదిలిపొమ్మని సైగలు చేశారు. పోలేదు, జైలుకి పోయింది.

ఆదివారాలు అక్క షాపులో ఆడవాళ్ళు చేరితే నేనది కొంచెం కొంచెం చదివేదాన్ని. చిమిండైంగ్ బజార్లో చేపలమ్మే ఆవిడ కూడా వచ్చేది. రష్యావిడ సొంత తమ్ముడే టీవీలోకొచ్చి, ఆవిడకీ మాకూ ఏ సంబంధమూ లేదని చెప్పిన భాగం చదివినరోజు, అందరూ వాడిమీద దుమ్మెత్తిపోశారు. నేనైతే వాడి ఏడు తరాలనీ కడిగేశాను. అక్క మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆడికి పిల్లలున్నారేమోనే" అంది. ఇదేం జాలమ్మా తల్లీ అని నాకు ఒళ్ళు మండింది.

తర్వాత సైన్యం వచ్చింది. అక్కని పక్కకి నెట్టేసిన పార్టీ పెద్దల్నే పట్టుకుపోయారు. నీకెందుకు, నిన్ను తరిమినోళ్ళేగా అని నేనంటే, "నాకు తగువు ఆళ్ళతో. ఓటేసినోళ్ళేటి సేసేరు?" అంది. సైన్యం వద్దని గిన్నె, గరిటె పట్టుకుని వాయిస్తూ వీధుల్లో తిరిగింది. పేరు వారంటులోకెక్కింది. ఒక పొద్దున్న షాపు షట్టరు దించి, టేపు ఇంకా మెడలోనే ఉండగా వెళ్ళిపోయింది.

పది రోజులకి మా వార్డు పెద్ద వచ్చాడు. చెడ్డవాడు కాదు, చిన్నప్పుడు అతను బడికి కట్టుకెళ్ళే లుంగీలు మా అక్కే కుట్టింది. మెల్లిగా చెప్పాడు. ఇల్లు సీలు వేస్తారు, వారంటు ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ వేస్తున్నారు. తప్పించుకోవాలంటే పత్రికలో ప్రకటన వెయ్యండి, అందరూ వేస్తున్నారు. తల్లిదండ్రుల మాట వినకుండా మా మనసు కష్టపెట్టినందుకు ఫలానా కూతుర్ని శాశ్వతంగా వదులుకుంటున్నాం, దాని పనులకీ మాకూ సంబంధం లేదు. అంతే. ఇల్లు మీ అమ్మ పేరున ఉంది కాబట్టి ప్రకటన కూడా ఆవిడే ఇవ్వాలి అన్నాడు.

సంగతి ఎలా తెలిసిందో, ఎవరి ఫోన్లోంచో అక్క నుంచి కబురొచ్చింది. వేసెయ్యండి, నాకేం బాధ లేదు, అమ్మ ఒప్పుకుంటేనే వెయ్యండి అని.

అమ్మ ఒప్పుకుంటుందా? కదిపి చూశాను. "వీధిన పడ్డా సరే. నా కూతురు నాకేటీ కాదని నేను సెప్పాలా? నీకు బుద్దుందేటే?" అని చేటతో కొట్టబోయింది. నేనప్పటికే సామాను ఎక్కడికి చేర్చాలో ఆలోచిస్తున్నాను. నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషిని తీసుకుని ఏ గడప తొక్కను? ఇవన్నీ నిజాలే. వీటితోబాటు ఇంకో నిజం కూడా ఉంది. నాకు భయం వేసింది. నా ఉద్యోగం, నా పడక, నా తలుపు గడియ నాకు కావాలి.

అమ్మకి బర్మా మాట నీళ్ళలా వస్తుంది, అక్షరమే రాదు. కరెంటు మీటరు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాను. అక్కకి, అమ్మ ఒప్పుకుందని అదే ఫోనుకి కబురు పంపాను. ప్రకటన వచ్చింది. ఇల్లు నిలబడింది. ఆ వారం నాకు అన్నం కూడా హితవుగానే ఉంది, ఛీ, అది కూడా చెప్పుకోవాలి కదా.

రెండేళ్ళ తర్వాత అక్కని బస్సులోంచి దింపి పట్టుకున్నారు. చాన్నాళ్ళకి, ఇంటివాళ్ళు సామాను ఇవ్వొచ్చు అన్నారు. అమ్మ తెల్లారగట్లే లేచి ఎండురొయ్యలు వేయించి పొడి చేసింది, ఉసిరికాయ పచ్చడి సీసాలోకెత్తింది. బీపీ మాత్రలు, సబ్బులు నేను సర్దాను. నువ్వు రాకమ్మా, లైన్లో నిలబడలేవు అని బతిమాలాను. విందా? బుట్ట తనే పట్టుకుని నాకంటే ముందు గడప దిగింది.

జైలు కిటికీ దగ్గర గుమస్తా పేరు చూశాడు, లోపలికెళ్ళి ఫైలు తెచ్చాడు. అందులో పత్రిక ముక్క. మీరు బంధువులు కారే, ఇక్కడ రాసుంది అన్నాడు. నేను నెమ్మదిగా ఏదో చెప్పబోయాను. అతను మాకు వినపడాలని గట్టిగానే చదివాడు. అమ్మ పేరు చదివాడు. నా మాట వినకుండా నా మనసు కష్టపెట్టినందుకు అని చదివాడు. శాశ్వతంగా అని చదివాడు. అమ్మ తలొంచుకుని చివరిదాకా విన్నది.

"మీటరు కాగితమన్నావు" అంది నాతో.

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి, నేను దాని తల్లిని, ఆ మాట నాది కాదు అని బర్మా భాషలో మూడుసార్లు చెప్పింది. అయితే ఆ మాటే పత్రికలో వేసి రమ్మన్నాడు గుమస్తా. వేస్తే ఇల్లు సీలు పడుతుంది. అమ్మ నావైపు చూసింది. వేద్దాం అని నేను అనాలి. లైన్లో మా వెనకున్న ముక్కూమొహం తెలియని ఆవిడ చేతిలో బుట్ట పెట్టి, మీవాళ్ళకి ఇవ్వమ్మా అని చెప్పి అమ్మ నడిచిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో అరుపుల్లేవు, అలకల్లేవు. వేళకి అన్నం పెడుతుంది, వేళకి నేను మాత్రలిస్తాను. మొన్న పక్కింట్లోకి ఒక తెలుగామె కొత్తగా అద్దెకి దిగింది. పలకరించడానికి వచ్చి, నీకు పిల్లలెంతమంది అత్తా అని అడిగింది. నేను ఇద్దరికీ టీ పోస్తున్నాను.

"ఒక్కత్తే. జైల్లో ఉంది" అంది అమ్మ.

ఆమె నన్ను చూసి, "మరి ఈవిడ?" అంది.

"ఈవిడా? ఈ ఇల్లు ఈవిడదే."